చాట అంచుకు మిగిలిన రాళ్లు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు వికారాబాద్‌ల, బడి వరండాల నిలవడి ఉండంగ తెలిసింది. పిల్లలు ప్రార్థనకు లైను కడ్తున్నరు. ఫోను తాండూరు నుంచి, మా పక్కింటి ముస్లిం పెద్దామె, మేం ఖాలా అని పిలుస్తం, ఆమె చేసింది. ఆమె ఎప్పుడు చేసినా ముందు తిన్నవా అంటది, పిల్ల ఎట్లుందంటది, అటెన్క అసలు ముచ్చటకొస్తది. ఆ పొద్దు అవేం అడగలె. “జర జల్ది రా బేటీ, అమ్మ లేస్తలేదు” అన్నది.

లేస్తలేదంటే ఏందో నాకు తెల్వదా? తెలిసింది. అయినా తాండూరు రైల్ల కూసున్నంతసేపు, నేను ఇంట్ల అడుగుపెట్టంగనే లేచి కూసుంటదని, బడి ఇడిచిపెట్టి ఎందుకొచ్చినవని నన్నే తిడ్తదని అనుకుంట పోయిన. మనిషి మనసు గంత పిచ్చిది.

పొద్దుగాల వాకిలి ఊడ్చిందట. చాయ్ తాగిందట. ఛాతిల జర పట్టేసినట్టున్నదని గోడకు ఒరిగిందట. గంతే. ఎవ్వల్ని పరేషాన్ చేయకుండ పోయింది, పుణ్యాత్మురాలు అని వచ్చినోళ్లందరు మెచ్చుకున్నరు. నాకైతే కోపమొచ్చింది. జర పరేషాన్ చేస్తే ఏం వోయేది? ఒక్క పూటన్న దవాఖానల పండుకుంటే ఆమె పక్కపొంటి కూసునే వంతు నాది. ఆ వంతు నాకు దక్కకుండ చేసింది.

అత్త గురించి కోడలు నాలుగు మంచి మాటలు రాస్తే జనం నమ్మరు. ఆస్తి ముచ్చట ఏమన్న ఉన్నదేమో అనుకుంటరు. మా ఆస్తి అంటే రెండు అర్రలు, ఒక వాకిలి, కింద తాండూరు బండలు. అందుకే ధైర్యంగ రాస్తున్న. మాకు పడని రోజులు గూడ మస్తుండె. ఆమె దేవత గాదు, నేను బంగారు కోడల్ని గాను. అయినా నేనియ్యాల ఈ అక్షరాలు కనవడి రాస్తున్ననంటే అది ఆమె వల్లనే.

ఆమె తల్లిగారూరు కర్ణాటక అంచుకు ఉంటది. మాట తెలుగే గాని, కోపం ముదిరితే కన్నడంలకు పోతది. పెండ్లయిన కొత్తల ఆ తిట్లు నాకు అర్థంగాక నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపోయేది. అర్థమయ్యే నాటికి ఆమె నన్ను తిట్టుడు తగ్గించింది. మా మామ నా పెండ్లికి ముందే పోయిండు. మా ఆయన బండల పాలిష్ మిల్లుల పని చేస్తడు. నేను వికారాబాద్ దిక్కు బడిల పంతులమ్మను, రోజూ రైలు. పగటీలి ఇంట్ల ఉండేది ఆమె, ఆమె చాట.

తాండూరు కందిపప్పు పేరు మీరు ఇనే ఉంటరు. బజార్ల దొరికేది ఆమెకు పప్పు గాదు. కందులు తెప్పించి, నానవెట్టి, ఎండవోసి, ఇసుర్రాయిల ఇసిరి, చెరిగి, ఏరి, అప్పుడు దాన్ని పప్పు అనేది. హైదరాబాద్‌ల ఉన్న చుట్టాలు ఎవరొచ్చినా సంచి వట్టుకొనే వచ్చేటోళ్లు. అరుగు మీద కాళ్లు చాపుకొని, చాట తొడ మీద పెట్టుకొని, కండ్లు పప్పుల, చెవులు గల్లీల ఏసి కూసునేది. “రాయి పంటికి తగిలితే తిన్నోడు వండినదాన్ని తిట్టడు, ఏరినదాన్ని తిడ్తడు” అనేది. సెలవు దినాల్ల సగం పప్పు నాకు పంచేది. టీచరువైతే ఏంది, చేతులు లెవ్వా అనేది.

ఈ ఏరుడు కాడ మా దిక్కు ఒక పద్ధతున్నది. కోడలికి కోపమొస్తే నోరు తెరిచి చెప్పది, పప్పుల రాళ్లు ఇడిసిపెడ్తది. అన్నానికి కూసున్నోళ్ల పంటి కింద కటుక్కుమంటే, ఇంట్ల ఏందో అయింది, కోడలి మనసు బాగలేదు అని పెద్దోళ్లే అర్థం చేసుకోవాలె. మా అత్తమ్మ గూడ కోడలిగ ఉన్నప్పుడు ఆ పని చేసిందట, వాళ్ల అత్త పన్ను కదిలిందాక చేసిందని ఖాలా ఇప్పటికీ నవ్వుకుంట చెప్తది. నేను మాత్రం ఎన్నడు చేయలె. నాకు కోపమొస్తే గల్లీ చివరి దాక ఇనవడ్తది.

పెండ్లయి చాన్నాళ్లయినా నా కడుపు పండలె. నెల తప్పేది, సంబురపడేటోళ్లం, ఏం లేదని తేలేది. అనంతగిరి గుట్ట ఎక్కినం, దర్గాల చాదర్ కప్పినం. ఆమె మొక్కిన మొక్కులు ఏ దేవునికి ఏదో ఆమెకే యాదికి లేకుండె. అందరు దేవుండ్లకు కలిపి ఒక్కటే కొబ్బరికాయ కొడ్త, వాళ్లే పంచుకుంటరు అనేది. ఆ రోజుల్లనే నాకు రొమ్ముల పాలు రావట్టె. ఒడిల పిల్ల లేదు, పాలొస్తున్నయి. నాకు సిగ్గు, భయం. ఎవ్వలికి చెప్పలె. బట్టలు ఉతుకంగ ఆమెనే చూసింది. చుట్టాలల్ల ఒకామె గాలి సోకిందన్నది. గాలికి పాలొస్తయా అని ఆమె మీద ఇరుసుకపడి, తెల్లారి నన్ను హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తోల్కపోయింది.

అక్కడ రక్తం చూసి, తలకాయకు స్కానింగ్ తీసి చెప్పిండ్రు. ముక్కుకు ఎనుక, మెదడుకు కింద, కందిగింజ కంటె జర పెద్దగ ఒక గ్రంథి ఉంటదట. పిట్యూటరీ అంటరు. నెల రావాల్నా, పాలు రావాల్నా, కడుపు నిలవాల్నా, అన్నిటికి హుకుం అక్కడి నుంచేనట. దాని మీద గడ్డ లేచింది. క్యాన్సర్ గాదు, మాత్రలకు తగ్గుతది, ఫికర్ చేయకుండ్రి అన్నరు. మాత్రలు మింగిన. గడ్డ తగ్గింది, నెల సక్కగ రావట్టింది, కొన్నొద్దులకు నిజంగనే నెల తప్పింది. ఆ పొద్దు ఆమె గల్లీల ఇంటింటికి బెల్లం పంచింది. ఎందుకంటే మాత్రం చెప్పలె, దిష్టి తగుల్తదని. ఊకెనే, తినుండ్రి అన్నదట. ఊకెనే బెల్లం పంచుడేందో అర్థం గానంత అమాయకులు మా గల్లీల ఎవ్వలు లేరు.

కడుపు నిలవడంగనే డాక్టరమ్మ మాత్రలు ఆపమన్నది. కడుపుతో ఉన్నప్పుడు ఆ గ్రంథి తానే జర ఉబ్బుతది, కొందరికి గడ్డ మల్ల పెరుగుతది, తలనొప్పి గాని సూపుల తేడా గాని వస్తే ఆగకుండ రండ్రి అన్నది. తలనొప్పి వచ్చింది. కాని రోజూ రైల్ల నిలవడి పోయొచ్చే పంతులమ్మకు తలనొప్పి రాందెన్నడు? సూపుల తేడా అయితే నాకు తెల్వనే తెల్వదు. ఎదురుంగ ఉన్నదంత మంచిగనే కనవడేది. పుస్తకం చదివిన, సూదిల దారం ఎక్కించిన. పోయింది రెండు పక్కల అంచులు. అంచు పోతే అక్కడ చీకటి కనవడదు, ఏమీ కనవడదు. లేనిదాన్ని లేదని ఎట్ల తెలుస్తది చెప్పుండ్రి? దర్వాజకు భుజం కొట్టుకునేదాన్ని, కడుపు బరువు అనుకునేదాన్ని. బడిల మూలకు కూసున్న పిల్లలు చెయ్యి లేపితే నేను పలకకపోతే, టీచర్‌కు కోపమొచ్చిందని వాళ్లు గమ్మునుండేటోళ్లట.

గప్పుడే మా ఇంట్ల పప్పుల రాళ్లు మొదలైనయి.

మొదటి రాయి ఆమె పంటికే తగిలింది. తీసి పళ్లెం అంచుకు పెట్టి, నన్నొక్కసారి చూసి, ఏం అనకుండ తిన్నది. తర్వాత మా ఆయనకు తగిలింది. మల్ల ఆమెకు. రాళ్లు ఆగకపోయేసరికి ఆమె పద్ధతి ప్రకారమే అర్థం చేసుకున్నది. కోడలికి కోపమొచ్చింది. ఎందుకు? ఏం చేసినం? నన్ను అడగది, అడుగుడు పద్ధతి గాదు. కొడుకును అర్రలకు పిలిచి, కడుపుతోని ఉన్నదాన్ని ఏమన్నవురా అని గదమాయించింది. పాపం ఆయనకేం తెలుసు. ఖాలా ఇంటికి పోయి, నేను నోరు జారి ఏమన్న అన్నట్టు నీకు యాదికుందా అని అడిగిందట. నాకు ఇష్టమని సర్వపిండి చేసింది, పచ్చిపులుసు చేసింది, తలకు నూనె పెట్టింది. నేను కడుపుతో ఉన్నని ముద్దు చేస్తున్నదనుకొని, పీట మీద కూసొని మంచిగ తిన్న.

ఒక ఆయితారం పొద్దుగాల ఆమె నా ఎదురుంగ కూసొని నేను ఏరుడు చూడవట్టింది. చాట నడుమ ముత్యాలు పోసినట్టున్నది. రెండు అంచులకు రాళ్లు, పొట్టు, పుచ్చులు ఉన్నయున్నట్టే ఉన్నయి. నా చెయ్యి అటు పోతనే లేదు. కోపమున్న కోడలు చాటంత ఇడుస్తది గాని నడుమ అంత సాఫుగ ఎందుకేరుతది? ఆమెకు అక్కడ అనుమానమొచ్చింది. చాయ్ గిలాస తీసుకొని మెల్లగ నా పక్కకు, చెవి దాక తెచ్చి, ఇటు అటు ఊపింది. నేను ఏరుకుంటనే ఉన్న.

“బిడ్డా, నా చెయ్యి కనవడ్తలేదా?”

ఏ చెయ్యి అని నేను మెడ తిప్పిన. అప్పుడు కనవడ్డది గిలాస, దాని ఎనుక ఆమె మొఖం. చాయ్ ఆమె చీర మీద ఒలుకుతున్నది, ఆమెకు సోయి లేదు. ఇన్నొద్దులు నీకు కోపమనుకున్ననే అని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నాకు అప్పటికీ ఏమైందో అర్థంగాలె. ఆమె ఏడుపు చూసి భయపడి నేను గూడ ఏడ్చిన.

హైదరాబాద్‌ల కండ్ల పరీక్ష చేసిండ్రు. గడ్డం ఒక పలక మీద ఆనిచ్చి, నడుమ చుక్కనే చూసుకుంట, పక్కల మినుకు కనవడితే బటన్ నొక్కాలె. నేను కొన్ని నొక్కిన, మంచిగనే నొక్కిన అనుకున్న. కాయిదం బయటికొచ్చింది. నడుమ తెల్లగున్నది, రెండు పక్కల మసి పూసినట్టు నల్లగున్నది. మా అత్తమ్మకు అక్షరాలు రావు గాని ఆ కాయిదం చదివింది. మా చాట లెక్కనే ఉన్నదని మెల్లగ అన్నది. తర్వాత, కడుపుల పిల్ల ఉన్నదని మందు సూది ఇయ్యకుండ, తలకాయకు స్కానింగ్ తీసిండ్రు. గడ్డ మీదికి లేచి, కండ్లకు పోయే నరాలు కలిసే కాడ ఒత్తుతున్నది. మాత్రలు మల్ల మొదలువెట్టి కొన్నొద్దులు చూసిండ్రు. ఈసారి గడ్డ మాట ఇనలె. అంచుల నలుపు నడుమకు జరగవట్టింది.

ఇగ ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. తల కొయ్యరట, ముక్కుల నుంచి సన్నటి గొట్టం, కెమెరా పంపి, ఎనుక బొక్కను జర తొలిచి గడ్డను తీస్తరట. కడుపు ఐదో నెలల ఉన్నది, చేస్తే ఇదే సక్కని టైం, మొదటి నెలలైతే పిల్లకు భయం, ఆఖరి నెలలైతే తల్లికి కష్టం అని చెప్పిండ్రు. పిల్లకు ఏం గాదని రాసియ్యలేం, ప్రమాదం తక్కువ, కాని ఉన్నది అన్నరు. కాన్పు దాక ఆగితే? ఆగితే పిల్లకు ఇంత గూడ భయం లేదు, కాని పోయిన సూపు మల్ల రాకపోవచ్చు అన్నరు. ఆలోచించుకొని చెప్పుండ్రి, కాని ఆల్చెం చేయకుండ్రి అన్నరు.

వచ్చేటప్పుడు వికారాబాద్‌ల దిగి మా తల్లిగారింటికి పోయినం. అక్కడ పెద్దోళ్లు కూసున్నరు. మా అమ్మ ఏడుస్తున్నది. మా మేనమామ మాట్లాడిండు, ఆయన చెడ్డోడు గాదు, నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి. కడుపుతోని ఉన్నదానికి ఇనుము తగలొద్దని పెద్దలు ఊకెనే అనలె, ఇన్నేండ్లకు నిలవడ్డ కాయ, ముందు అది భూమ్మీద పడనీ, కండ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు మస్తు మందులొచ్చినయి అన్నడు. మా అమ్మ అవునన్నది. మా ఆయన నేలకు చూసుకుంట కూసున్నడు. నేను ఒక మూలకున్న. నా గురించే మాట్లాడుతున్నరు, నన్ను ఎవ్వలు చూస్తలేరు. అందరు మా అత్తమ్మ దిక్కు చూస్తున్నరు. మనుమల కోసం అందరు దేవుండ్లకు మొక్కిన మనిషి, ఆమె ఆగుదాం అంటదనే అందరికి నమ్మకం. నిజం చెప్తున్న, నాకు గూడ అదే నమ్మకం. ఆమె ఆగుదాం అంటే కాదనే ధైర్యం నాకు లేకుండె.

ఆమె లేచి, వాళ్లందరి నడుమ నుంచి వచ్చి నా ముంగట కూసున్నది. పక్కకు గాదు, నాకు కనవడేటట్టు సక్కగ ఎదురుంగ.

“నీకేం గావాలె బిడ్డా?”

అప్పటి దాక నన్ను ఎవ్వలు అడగలె.

“నాకు రెండూ గావాలె అత్తమ్మా.”

మూలకున్న మా అమ్మ అయ్యో అన్నది. మా అత్తమ్మ తల ఊపింది, బజార్ల ఏం కూరగాయ గావాల్నో చెప్తే ఊపినట్టు. మేనమామ దిక్కు మళ్లి అన్నది: “కడుపుల ఉన్నదానికి ఇంకా పేరు వెట్టలే అన్నా. దీన్ని నేను రోజూ పేరు వెట్టి పిలుస్తున్న. పేరున్న మనిషిని గుడ్డిదాన్ని చేసి, పేరు లేనిదాన్ని నేను మొక్కుల్ల అడగలే. ఇది రెండూ అంటున్నది. రెండూ అడుగుదాం.”

ఆమె మనసుల ఏమున్నదో నాకు తర్వాత తెలిసింది. తిరుగు రైల్ల నేను కండ్లు మూసుకుంటే నిద్రవోయిననుకొని, నా కడుపు మీద చెయ్యి పెట్టి, నన్ను తిట్టుకోకు అని పిల్లతోని గుసగుసగ చెప్పుకున్నది. ఆమెకు భయం లేక గాదు. భయం మింగి మాట్లాడింది.

ఆపరేషన్ పొద్దున ఇంకో ముచ్చట అయింది. నర్సు వచ్చి ఒంటి మీద ఏమీ ఉండొద్దన్నది. గాజులు, మెట్టెలు, ముక్కుపుల్ల, పుస్తెలు, అన్నీ. ముక్కుపుల్ల బిగుసుకొని ఉంటే అత్తమ్మనే కొబ్బరినూనె రాసి మెల్లగ తీసింది. పుస్తెల కాడికొచ్చేసరికి ఎనుకకు జరిగింది. మామ పోయిన కాడి నుంచి ఆమె పేరంటాలకు ముందుకు రాది, పసుపు కుంకుమ ముట్టది, నా శ్రీమంతం చేసినా వంటింట్లనే ఉంటనని ముందే చెప్పింది. ఎవ్వలు అనలె, ఆమెనే తన చుట్టు గీత గీసుకున్నది. మీ అమ్మ రానీ, ఆమె చేతికియ్యి అన్నది. మా అమ్మ కిందికి చాయ్‌కు పోయింది, లిఫ్టు రాలె. నర్సు తొందర పెడ్తున్నది. అత్తమ్మ రెండు చేతులు ఈపు ఎనుక దాచుకున్నది, చిన్నపిల్ల తీరు.

నాకు ఆ గడియల భయం పోయి కోపమొచ్చింది. నా కండ్లు కనిపెట్టింది ఆ చేతులు. నా కోసం అందరి ముంగట నిలవడ్డది ఆ మనిషి. నేను మంచం దిగి, ఆమె చేతులు పట్టి ముందుకు గుంజి, పుస్తెలు పెట్టి పిడికిలి మూసిన. నీ చేతుల కంటె మంచి చేతులు నాకు ఎవ్వలియి ఉన్నయి అని అన్న. ఆమె పిడికిలి ఛాతికి ఒత్తుకున్నది. నన్ను లోపటికి తీసుకపోయినంక మా అమ్మ వచ్చి అడిగినా ఇయ్యలేదట. నేను బయటికొచ్చి, మత్తు దిగి, అత్తమ్మా అన్నంక ఆ పిడికిలి ఇప్పితే, అరచేతిల పుస్తెల అచ్చులు పడి ఉన్నయని మా ఆయన చెప్పిండు.

కండ్లు తెరిస్తే ముక్కు నిండ గుడ్డలు, నోటితోని ఊపిరి. నాలిక ఎండిపోయి ఒకటే దప్పిక. ఎన్ని నీళ్లు తాగుతున్న, ఎంత ఒంటికి పోతున్న అని నర్సులు కొలిచేటోళ్లు. డాక్టరమ్మ వచ్చి కడుపు మీద మిషన్ ఆనించింది. ముందు గరగర చప్పుడు. మా అత్తమ్మ ఊపిరి ఆపింది, నాకు ఇనవడ్డది ఆపినట్టు. తర్వాత దడదడమని పిల్ల గుండె. ఆమె గోడ పట్టుకొని కింద కూసున్నది. ఇసుర్రాయి తిరిగినట్టున్నదన్నది. నేను కండ్లు అటు ఇటు తిప్పకుండ కిటికీ దిక్కు చూసిన. కిటికీ చట్రం రెండు దిక్కుల కనవడ్డది.

ఇంటికొచ్చినంక అసలు కథ. తుమ్మొద్దు, ముక్కు చీదొద్దు, వంగొద్దు, లేకుంటే లోపలి అతుకు కదుల్తదని డాక్టర్లు చెప్పిండ్రు. తుమ్ములు ఎక్కడి నుంచొస్తయి? పోపు నుంచొస్తయి. గంతే, ఆమె ఇంట్ల పోపు బంద్ చేసింది. మిరపకాయ ఏంచుడు లేదు, ఎల్లిపాయ కారం లేదు, ఊదుబత్తి లేదు. దేవుడు జర ఓపిక పట్టాలె అన్నది. పోపు లేని పప్పు, పోపు లేని చారు. మా ఆయన ముద్ద దిగక నీళ్లు తాగేటోడు. గల్లీల గూడ ఎవ్వల్ని ఏంచనియ్యలె. ఖాలా పాపం బగారన్నానికి మసాల గూడ వాళ్ల ఎనుక దొడ్లె పొయ్యి పెట్టుకొని ఏంచుకున్నది, గాలి మా దిక్కు తిరిగితే మూత పెట్టేది. నేను ఏడిస్తే ముక్కు కారుతదని అదొక భయం. “ఏడ్వాల్నంటే కాన్పయినంక కూసొని తీరిగ్గ ఏడువు. ఇప్పుడు తిను” అనేది. గా మాట మీద నాకు నవ్వొచ్చి, నవ్వితే ముక్కు గుంజి, మల్ల తిట్లు, అవి కన్నడంల.

నెలలు నిండినంకనే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, సక్కగ ఉన్నది. మా అత్తమ్మ ఎత్తుకొని ముందు పిల్ల మొఖం చూడలె, నా దిక్కు తిప్పి, కనవడ్తున్నదా అని అడిగింది. మొత్తం కనవడ్తున్నదా? చెవులు కనవడ్తున్నయా? కనవడ్తున్నయి అత్తమ్మా అంటే, అప్పుడు తాను చూసుకున్నది. ఇరవై ఒక్కటో దినం నాడు ఆమె వంటింట్ల కూసోలె. తొట్టెల కాడ నా పక్కకే కూసున్నది. మా మేనమామనే పీట వేసిండు.

తర్వాత ఏం జరిగిందని అడిగితే పెద్దగ ఏం లేదు. పిల్ల పెరిగింది. నేను ఏటా దవాఖానకు పోయి చూపించుకుంట. ఆమె ముసలిదైంది. చాట ముందు పెట్టుకొని కునికేది. ఆమె ఏరిన పప్పుల రాళ్లు రావట్టినయి, కండ్లకు పొర వచ్చింది. ఆపరేషన్ చేపిస్త రా అత్తమ్మా, చిన్నది అంటే, కొత్త కందులొచ్చినంక, చలికాలం పోయినంక, పిల్ల పరీక్షలయినంక అని జరుపుకుంట వచ్చింది. నా కండ్లకైతే ఒక్క దినం ఆగనియ్యలె. తన కండ్లకు ఎన్నేండ్లయినా ఆగింది. ఈ ఎండకాలం చేపిద్దామని మాట తీసుకున్న. ఎండకాలం రాకముందే ఆమె పోయింది. దీనికి నేను ఏం చెప్పుకోవాల్నో నాకు తెలుస్తలేదు.

నేను ఇల్లు చేరేసరికి వాకిట్ల బండల మీద పండవెట్టిండ్రు. చల్లటి బండ, వద్దు, సలి పెడ్తదని అనవోయిన. ఖాలా నన్ను పట్టుకున్నది. స్నానం చేపించేటప్పుడు నేనే ఆమె చేతులు కడిగిన. వేళ్ల గోర్లల్ల కందిపొట్టు ఇంకా ఉన్నది. నా బిడ్డ ఆమె తల కాడ కూసొని ఎంటికలు సర్దుతున్నది, నానమ్మ లేస్తే చిక్కు తియ్యాల్నన్నట్టు. మా ఆయన ఒక్కసారి గూడ పైకి ఏడ్వలె, ఆమె చెప్పులు తీసి ఎక్కడ పెట్టాల్నో తెల్వక చేతుల పట్టుకొని తిరిగిండు.

ఒక మాట మీకు చెప్పలె. నా సూపు చానమట్టుకు వచ్చింది గాని ఎడమ దిక్కు ఆఖరి అంచు రాలె. డాక్టర్లు అది నరం కమిలిపోయిందన్నరు, దానితోని బతుకుడు నేర్చుకో అన్నరు. నేర్చుకున్న. ఎడమ పక్క ఏదన్న ఉంటే మెడ తిప్పి చూడాలె, అంతే.

మా ఇంట్ల ఆడోళ్లు కాటి దాక పోరు, గడప కాడనే ఆగుతరు. పాడె లేపిండ్రు. కడసూపు చూసుకోండ్రి అని ఎవరో అరిచిండ్రు. డప్పులు మొదలైనయి. మా గడప ముందు నుంచి కాటికి తొవ్వ ఎడమకు పోతది. నేను సక్కగ నిలవడి చూస్తనే ఉన్న. నలుగురి భుజాల మీద ఆమె కదిలింది, జర దూరం పోయింది, నా ఎడమ అంచుకు వచ్చింది, ఇగ లేదు. పక్కనున్నోళ్లు ఇంకా చూస్తున్నరు, దండాలు పెడ్తున్నరు, పూలు ఇసురుతున్నరు. వాళ్లకింకా ఉన్నది. అందరి కంటె ముందు నాకే పోయింది.

మెడ తిప్పిన. మల్ల కనవడ్డది. తెల్లగుడ్డ, బంతిపూలు, గుడ్డ బయటికొచ్చిన ఆమె పాదాలు. ఇంకా దూరం పోయింది, ఇంకా తిప్పిన. గల్లీ మలుపు దాక ఆమెను నా సూపు నడుమల పెట్టుకొని గట్లనే నిలవడ్డ.